గోధుమ ఆకు తుప్పు: మొలకల్లోనే 64 లైన్లూ పోయాయి, పారేయడమేనా?

మొలకట్రే · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రీసెర్చ్‌లో కొత్తవాణ్ణి, పిచ్చి ప్రశ్న అయితే తిట్టకండి.

దిగుబడి బాగా ఇచ్చే రకం ఒకటుంది, కానీ ఆకు తుప్పు తెగులు వస్తే ఇట్టే లొంగిపోతుంది. దానిలోకి ఆ తుప్పుని తట్టుకునే ఎల్ఆర్34 జన్యువు ఎక్కించే పని నాది. నాకంటే ముందున్న సీనియర్ రెండుసార్లు బ్యాక్‌క్రాస్ చేసి (సంకరాన్ని మళ్ళీ ఈ తల్లి రకంతోనే కలిపి), మార్కర్ (జన్యువు ఉందో లేదో చెప్పే డీఎన్ఏ గుర్తు) చూసి, జన్యువు ఉన్న ఒక్క మొక్కని నాకు అప్పగించి వెళ్ళిపోయారు. దాని గింజల నుంచి 64 మొక్కలు పెంచి, ఒక్కో మొక్క గింజల్ని ఒక్కో లైనుగా కవర్లలో పెట్టుకున్నాను. ఆ తరంలో మార్కర్ చూడలేదు. గ్లాస్‌హౌస్ పరీక్ష చాలు, దానికి ఖర్చెందుకు అన్నారు.

రెండో ఆకు విచ్చుకోగానే ఆకు తుప్పు బీజాలు చల్లాను. రాత్రంతా తేమలో ఉంచి, తర్వాత గ్లాస్‌హౌస్‌లో పెట్టాను. నిన్నటికి 12 రోజులు. ప్రతి ఆకు మీదా నారింజ కలిసిన గోధుమ రంగు పొక్కులే. 0 నుంచి 4 దాకా ఉండే స్కేలులో స్కోర్లన్నీ 3, 3+, అంటే లొంగిపోయినట్టే. తల్లి రకానికీ వీటికీ తేడానే లేదు.

సీనియర్ చూసిన మార్కరే తప్పై ఉంటుందని, రెండు ట్రేలు ఇవాళ పొద్దున చెత్తగుంతలో వేసేశాను. మిగతావీ పారేసి మళ్ళీ క్రాసింగ్ నుంచి మొదలుపెట్టాలా? ఏడాదిన్నర పని. టెన్షన్‌తో అన్నం సయించట్లేదు.

పాతకంకి · సోమవారం, రాత్రి 9:58

బాబూ, ముందు ఆ ట్రేల మీద నుంచి చెయ్యి తియ్యి.

ఎల్ఆర్34 మొలకల్లో తుప్పుని ఆపదు. మొక్క ఎదిగాక, పోటాకు (కంకి కింద ఉండే చివరి ఆకు) వచ్చే దశలో దాని పని మొదలవుతుంది. నువ్వు పెట్టింది పదో తరగతి పరీక్ష, రాసింది ఒకటో తరగతి పిల్లాడు. ఫెయిలయ్యాడని బడి మాన్పిస్తావా?

ఆ రెండు ట్రేల్లోని లైన్లకి కవర్లలో గింజలు మిగిలాయా? అది చెప్పు ముందు.

ల్యాబ్‌కోటు · సోమవారం, రాత్రి 10:11

పాతకంకి గారు చెప్పింది నిజం. నీకు వచ్చిన ఫలితం తప్పు కాదు, ఎల్ఆర్34 ఉన్న మొలక మామూలు గ్లాస్‌హౌస్ వేడిలో అలాగే ఉంటుంది. బాగా చల్లగా ఉంచితే మొలకల్లో కూడా కొంచెం తేడా కనిపించవచ్చు గానీ, దాని మీద ఆధారపడి లైన్లు ఎంచకు.

ఇంకో సంగతి. సీనియర్ ఇచ్చిన ఆ ఒక్క మొక్కలో జన్యువు ఒక కాపీయే ఉంటుంది. కాబట్టి నీ 64 లైన్లలో సుమారు పావు వంతు పక్కా లైన్లు (జన్యువు రెండు కాపీలూ ఉన్నవి), సగం కలగాపులగం, పావు వంతు ఖాళీ. పరీక్ష సరైనదైతే అన్నీ ఒకేలా ఉండకూడదు. 64కి 64 ఒకే స్కోరు వచ్చినప్పుడే అనుమానం రావాల్సింది జన్యువు మీద కాదు, పరీక్ష మీద.

ప్రతి లైనులోనూ కొన్ని మొలకల నుంచి చిన్న ఆకుముక్కలు తీసి, కలిపి సీఎస్ఎల్‌వీ34 మార్కర్ వెయ్యి. జన్యువు ఉంటే 150 బేస్‌ల పొడవు దగ్గర డీఎన్ఏ బ్యాండు (గీత), లేకపోతే 229 దగ్గర. రెండూ కనబడితే కలగాపులగం. తుప్పు పట్టిన ఆకైనా డీఎన్ఏకి పనికొస్తుంది, కాకపోతే పొక్కులు లేని చోటు నుంచి తీసుకో.

మొలకట్రే · సోమవారం, రాత్రి 10:15

పారేసిన ట్రేల్లో 16 లైన్లు. 11కి గింజలున్నాయి. 5 లైన్లకి ఉన్నవన్నీ పోసేశాను.

టార్చి తీసుకుని వెళ్తున్నా.

ప్రశ్నార్థకం · సోమవారం, రాత్రి 10:31

నాకు వ్యవసాయం తెలియదు, చదవడానికి వస్తుంటాను. ఒక సందేహం. తెగులు సోకాక నెమ్మదిగా పనిచేసే జన్యువు ఎందుకు? అసలు సోకకుండా ఆపేసేవి లేవా?

సిద్ధబీజం · సోమవారం, రాత్రి 11:02

ఉన్నాయండి, బోలెడు. చిక్కంతా వాటితోనే.

ఒక్కటే ఉన్నా తెగుల్ని ఆపేసే ఆ పెద్ద జన్యువుల్లో చాలావరకు కాపలావాడి లాంటివి. తుప్పు తెచ్చే శిలీంద్రం మొక్క కణంలోకి పంపే ఒక ప్రొటీన్‌ని గుర్తుపట్టి, ఆ చోట కణాల్ని చంపేస్తాయి. బతికున్న కణం మీదే తిని బతికే తుప్పుకి తిండి దొరకదు, అక్కడికక్కడే ఆగుతుంది. ఆకు మీద చిన్న చుక్క మాత్రం మిగులుతుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఈ కాపలావాడికి ఒక్క దొంగ మొహమే తెలుసు. శిలీంద్రం ఆ ఒక్క ప్రొటీన్‌ని మార్చుకున్నా, వదిలేసుకున్నా దర్జాగా లోపలికి వస్తుంది. మొక్క వైపు ఒక జన్యువు, తెగులు వైపు దానికి జోడీ ఒకటి అన్న లెక్కని 1940ల్లో ఫ్లోర్ అనే ఆయన అవిసె తుప్పు మీద పనిచేసి తేల్చాడు. గోధుమకీ అదే లెక్క.

ఒక్క పొక్కు పగిలితే వేల బీజాలు. ఒక పొలంలో ఎన్ని పొక్కులుంటాయో ఊహించుకోండి. అన్ని కోట్లలో ఒక్కదానికి ఆ మార్పు వస్తే చాలు. గాలి దాన్ని దేశాలు దాటిస్తుంది. జన్యువు అరిగిపోయిందంటారు గానీ అది ఉన్నచోటే ఉంది, దొంగ వేషం మార్చాడు.

పాతకంకి · సోమవారం, రాత్రి 11:40

దీనికి నా కథే ఉంది. పేర్లు వద్దు. ఒక పెద్ద జన్యువు పెట్టి ఒక రకం తెచ్చాం. మూడేళ్ళు ఆకు మీద మచ్చ లేదు. కోతకి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు, నేనూ కాలరెగరేశాను. నాలుగో ఏడు మంచు దిగిన ఒక పొద్దున ప్లాట్ల మధ్య నడిచి బయటికి వస్తే, మోకాళ్ళ కింద ప్యాంటంతా ఇటుక రంగు. దులుపుకుంటే చేతికి పొడి. ఆ రంగు చూశాక స్కోరు బుక్కు తెరవలేదు, గట్టు మీద కూర్చుండిపోయాను.

పెద్దవాళ్ళకే ఈ అనుభవం తప్పలేదు. రై అనే ధాన్యపు మొక్క క్రోమోజోమ్ ముక్క ఒకటి గోధుమలోకి వచ్చింది, దాని మీద కాండం తుప్పుకి ఎస్ఆర్31, ఆకు తుప్పుకి ఎల్ఆర్26, పసుపు తుప్పుకి వైఆర్9, అన్నీ ఒకే మూటలో. దిగుబడీ పెరిగింది. ఇంకేం, ప్రపంచమంతా దాన్నే వాడారు. దశాబ్దాల పాటు కాండం తుప్పు మాటే మర్చిపోయారు. 1998లో ఉగాండాలో ఎస్ఆర్31 ఉన్న మొక్కల మీదే పొక్కులు కనిపించాయి. 1999 నమూనా పేరు మీద దాన్ని యూజీ99 అన్నారు. 2001కి కెన్యా, 2003కి ఇథియోపియా, 2006కి యెమెన్, 2007కి ఇరాన్. హరిత విప్లవానికి ఆద్యుడైన, తొంభై ఏళ్ళు దాటిన బోర్లాగ్ కూడా అప్పుడు లేచి, తుప్పు ఎక్కడికీ పోలేదయ్యా అని ఊరూరా చెప్పాల్సి వచ్చింది.

సిద్ధబీజం · సోమవారం, రాత్రి 11:52

దానికి కొసమెరుపు ఇథియోపియాలో. యూజీ99ని తట్టుకుంటుందని డిగలు అనే రకాన్ని అక్కడ విస్తారంగా వేశారు. 2013లో అదీ కూలిపోయింది. కూల్చింది యూజీ99 కాదు, వేరే కాండం తుప్పు జాతి. ముందు తలుపుకి గొళ్ళెం పెడితే పెరటి గుమ్మం నుంచి వచ్చింది.

మొలకట్రే · మంగళవారం, తెల్లవారుజామున 12:20

గుంతలో ట్రేలు బోర్లా పడున్నాయి, మట్టిగడ్డ విడిపోలేదు. లేబుళ్ళు కొన్ని పోయాయి కానీ గింజల్లేని 5 లైన్లలో 4 గుర్తుపట్టాను. మొక్కలు వాడాయి, చావలేదు. కుండీల్లో నాటి నీళ్ళు పోశాను. ఐదోది 37వ నంబరు, అది దొరకలేదు.

చేతులు ఎన్నిసార్లు కడిగినా నారింజ రంగు పోవట్లేదు.

పాతకంకి · మంగళవారం, ఉదయం 5:30

అదీ పని. 37ని మర్చిపో. ఈసారి నుంచి లైనుకి సగం గింజలు కవర్లోనే ఉండాలి, ఎవరు చెప్పినా సరే.

మందుపిచికారి · మంగళవారం, ఉదయం 8:15

ఇంత కష్టం ఎందుకండీ. ట్రైయజోల్ మందు పోటాకు దశలో ఒకసారి కొడితే ఆకు తుప్పు సాఫ్. ఒక జన్యువు ఎక్కించడానికి ఏడెనిమిదేళ్ళు, అది నాలుగేళ్ళకి పడిపోవడం, మళ్ళీ మొదలు. మందు అయితే సీసా మారిస్తే సరి.

సిద్ధబీజం · మంగళవారం, ఉదయం 9:04

మందు అవసరం లేదని ఎవరూ అనట్లేదు. కానీ శిలీంద్రం జన్యువుల్ని మోసం చేసినట్టే మందునీ చేస్తుంది. ఐరోపాలో గోధుమ సెప్టోరియా మచ్చ తెగులు మీద స్ట్రోబిలురిన్ మందులు మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. 2000ల మొదట్లోనే వాటి పని అయిపోయింది. మందు అతుక్కునే ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. సీసా మార్చడానికి ఇంకో సీసా ఉండాలిగా?

మందుపిచికారి · మంగళవారం, ఉదయం 9:20

తుప్పు మీద ట్రైయజోల్స్ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. ఆ మాట కూడా రాయండి.

సిద్ధబీజం · మంగళవారం, ఉదయం 9:26

పనిచేస్తున్నాయి, ఒప్పుకుంటాను. సమయానికి కొట్టగలిగినవాళ్ళకి. వారం ఆలస్యమైతే ఏమవుతుందో మీకూ తెలుసు. కొంత తట్టుకునే రకమైతే ఆ వారం గడువు దొరుకుతుంది. రెండూ కలిస్తేనే మేలు, ఇందులో పోటీ ఏముంది.

ప్రశ్నార్థకం · మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఎల్ఆర్34 కూడా ఒక జన్యువేగా? అది మాత్రం పడిపోదని ఏంటి నమ్మకం?

ల్యాబ్‌కోటు · మంగళవారం, మధ్యాహ్నం 2:45

మంచి ప్రశ్న. అది కాపలావాడి కోవకి చెందింది కాదు. 2009లో దాన్ని విడదీసి చూస్తే కణం పొరలో పదార్థాల్ని అటూ ఇటూ చేరవేసే ప్రొటీన్ అని తేలింది. మామూలు గోధుమలో ఉండే రూపానికీ దీనికీ తేడా రెండే అమైనో ఆమ్లాలు. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్‌ని ఇది చేరవేస్తుందని తర్వాత చూపించారు. దానివల్ల తుప్పు ఎలా నెమ్మదిస్తుందన్నది మాత్రం పూర్తిగా విడని ముడే. ఫలానా శిలీంద్రాన్ని గుర్తుపట్టి ఆపే పని కాదు కాబట్టి ఒక్క వేషం మార్చి దీన్ని తప్పించుకోవడం కష్టం.

అందుకే ఒకే జన్యువుకి నాలుగు పేర్లు. ఆకు తుప్పు వాళ్ళు ఎల్ఆర్34 అంటారు, పసుపు తుప్పు వాళ్ళు వైఆర్18, కాండం తుప్పు వాళ్ళు ఎస్ఆర్57, బూడిద తెగులు వాళ్ళు పీఎం38. ఎవరికి వాళ్ళు వేరే జన్యువు అనుకుని పేర్లు పెట్టుకున్నారు.

దీనికి మొక్క కట్టే మూల్యం ఒకటుంది. పోటాకు కొన ముందే ఎండిపోతుంది. మొలకట్రే, ఇది గుర్తుపెట్టుకో, పొలంలో పనికొస్తుంది.

పాతకంకి · మంగళవారం, రాత్రి 8:30

ఒంటరిగా అయితే అది కూడా చాలదు, ఆ మాట దాచకూడదు. తెగులు ఉధృతంగా ఉన్న ఏడాది ఎల్ఆర్34 ఒక్కటే ఉన్న రకం మీద కూడా బాగానే పొక్కులు వస్తాయి. అలాంటివే ఇంకో రెండు మూడు, ఎల్ఆర్46, ఎల్ఆర్67 లాంటివి, ఒకే మొక్కలో చేరిస్తే అప్పుడు చూడు. పొక్కు చిన్నగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, తక్కువ బీజాలు రాలుస్తుంది. తుప్పు ఉంటుంది, పంటని మాత్రం తినెయ్యలేదు. ఇలా కొంచెం కొంచెంగా పనిచేసే చిన్న జన్యువుల పైరు చూడ్డానికి బాగోదు. క్షేత్ర దినోత్సవానికి వచ్చినవాళ్ళు "ఇదేంటి, మచ్చలున్నాయే" అంటారు. పక్కన పెద్ద జన్యువు ప్లాటు అద్దంలా మెరుస్తుంటుంది. ఏది ఎంచాలో చూపు మీద ఆధారపడితే మోసపోతాం. నేను పోయాను.

ప్రశ్నార్థకం · మంగళవారం, రాత్రి 9:02

అసలు క్రాసింగ్ ఎలా చేస్తారు? గోధుమ పువ్వే నేనెప్పుడూ చూడలేదు.

పాతకంకి · మంగళవారం, రాత్రి 9:48

చూసినా పువ్వని అనుకోరు. కంకి పొట్ట నుంచి బయటపడి, కేసరాలు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. పసుపు తిరిగాయా, ఆలస్యమైనట్టే. గోధుమ తన పుప్పొడితో తనే ఫలదీకరణ చేసుకుంటుంది. కంకిలో అడుగునా కొసనా ఉన్న చిన్నవాటిని తీసేసి, నడిమి గింజగూళ్ళలో పక్కవి రెండే ఉంచి మధ్యవి లాగేస్తాం. మిగిలిన ఒక్కో పువ్వు పొట్టు కొన కత్తెరతో కోసి, చిమటాతో మూడు కేసరాల్ని చిదమకుండా తియ్యాలి. మూడే. రెండు తీసి మూడోది మరిచారంటే ఆ గింజ మీ సంకరం కాదు, దాని సొంత బిడ్డ. అది బయటపడేది వచ్చే సీజన్లో. కంకికి బటర్ పేపర్ కవరు తొడిగి తేదీ రాస్తాం. రెండు మూడు రోజులకి కీలాగ్రం ఈకలా విచ్చుకుంటుంది. అప్పుడు మగ రకం కంకి తెచ్చి, పగలబోతున్న పసుపు కేసరాన్ని దాని మీద దులపడం. కంకికి ఇరవై, ముప్పై గింజలొస్తే పండగే.

నా కళ్ళద్దాల పవరు సగం ఆ కంకుల పుణ్యమే.

మందుపిచికారి · బుధవారం, ఉదయం 7:50

ఇంత చేతిపని ఇంకానా? జీన్ ఎడిటింగ్ వచ్చేసింది కదా, ల్యాబ్‌లో కత్తిరిస్తే పోలా?

ల్యాబ్‌కోటు · బుధవారం, ఉదయం 10:20

కొన్నిటికి అవుతుంది. బూడిద తెగులు మంచి ఉదాహరణ. ఎంఎల్ఓ అనే జన్యువు పనిచేస్తుంటేనే ఆ శిలీంద్రం లోపలికి రాగలదు. దాన్ని చెడగొడితే తలుపు మూసుకున్నట్టే. బార్లీలో ఇలాంటి మొక్కలు ఎప్పటి నుంచో సాగులో ఉన్నాయి. గోధుమలో జన్యువుల సెట్లు మూడు, కాబట్టి మూడు కాపీల్నీ ఒకేసారి చెడగొట్టాలి. మామూలు మ్యుటేషన్‌తో అలా కుదరడం దాదాపు కల. 2014లో చైనా శాస్త్రవేత్తలు ఎడిటింగ్‌తో మూడూ కత్తిరించారు. బూడిద పోయింది గానీ మొక్క ఎదుగుదల దెబ్బతింది. 2022లో వాళ్ళే ఎదుగుదల తగ్గని రూపం ఒకటి చూపించారు.

తుప్పు మీద ఇంకో దారి. 5 కాండం తుప్పు జన్యువుల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఒకే ముక్కగా గోధుమలోకి పంపారు, 2021లో ఆ ఫలితం వచ్చింది. ఒకే చోట ఉన్నాయి కాబట్టి తర్వాతి క్రాసుల్లో విడిపోవు, బ్రీడర్‌కి ఒక జన్యువుని మోసినంత తేలిక. కాకపోతే అది జీఎం (జన్యుమార్పిడి) మొక్క. పొలం దాకా రావడం మొక్క చేతిలో ఉన్న విషయం కాదు.

ఏ దారిలో వచ్చినా చివరికి తెగులు ఉన్న పొలంలో నిలబెట్టి చూడాల్సిందే. దానికి కత్తెర లేదు.

సిద్ధబీజం · బుధవారం, ఉదయం 11:15

పక్కదారి అయినా ఒకటి చెప్పాలి. అందరం తుప్పు తుప్పు అంటున్నాం, అగ్గి తెగులు సంగతి? 1985లో బ్రెజిల్‌లో గోధుమ మీదికి ఎక్కింది. 2016లో బంగ్లాదేశ్‌లో ఒక్క సీజన్లో సుమారు 15,000 హెక్టార్లలో కనిపించింది. ఇది కంకినే పట్టుకుంటుంది. కంకి తెల్లబడిపోతుంది, లోపల గింజ ముడుచుకుపోయి ఉంటుంది. పంట పండిందేమో అనిపించేలా ఉంటుంది దూరం నుంచి. ప్రపంచంలో దీన్ని తట్టుకునే గోధుమల్లో ఎక్కువ భాగం 2ఎన్ఎస్ అనే ఒకే క్రోమోజోమ్ ముక్క మీద ఆధారపడ్డాయి, అది అడవి గడ్డి నుంచి వచ్చింది. 2017లో బంగ్లాదేశ్‌లో విడుదలైన బారీ గోమ్ 33లోనూ అదే. ఎస్ఆర్31 కథ చదివినవాళ్ళకి దీని మీద భయం ఎందుకో మళ్ళీ చెప్పక్కర్లేదు.

పాతకంకి · బుధవారం, సాయంత్రం 6:40

ముక్క ఒకటే, నమ్ముకున్నవాళ్ళు వెయ్యిమంది. ఏం మారలేదు.

మొలకట్రే · మూడు నెలల తర్వాత, శనివారం, రాత్రి 9:15

పాత చర్చని పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. ఫలితం చెప్పకపోతే తప్పు.

63 లైన్లకీ మార్కర్ వేశాను. 14 లైన్లలో 150 బ్యాండు ఒక్కటే, 33లో రెండూ, 16లో 229 మాత్రమే. ల్యాబ్‌కోటు గారు చెప్పిన పావు, సగం, పావు లెక్కే. గింజలున్న 59 లైన్లని పొలంలో వరసలుగా వేసి, చుట్టూ తుప్పుకి తేలిగ్గా లొంగే రకం నాటి, దాని మీద బీజాలు చల్లాను. చెత్తగుంత నుంచి తెచ్చిన 4 లైన్లు కుండీల్లోనే పెరిగాయి, వరసల చివర పెట్టాను.

నిన్న స్కోరు చేశాను. చుట్టూ వేసింది 90ఎస్ (ఆకులో 90 శాతం తుప్పు, ఎస్ అంటే పూర్తిగా లొంగే రకం పొక్కులు). తల్లి రకం 80ఎస్. ఖాళీ లైన్లు 70 నుంచి 90 మధ్య. పక్కా లైన్లు 14లో పన్నెండు 15 నుంచి 30 మధ్యే, ఎమ్మార్-ఎమ్మెస్ రకం పొక్కులు (ఓ మోస్తరుగా తట్టుకోవడానికీ ఓ మోస్తరుగా లొంగడానికీ మధ్య). వాటి పోటాకు కొనలు రెండు వేళ్ళ వెడల్పున ఎండిపోయి ఉన్నాయి. మార్కర్ కాగితం చూడకుండా, కొన ఎండిన వరసలు ముందు రాసుకుని, తర్వాత పోల్చాను. రెండే తప్పాయి. స్కోరు బుక్కు మీద చెయ్యి వణికింది.

గుంతలో నుంచి తెచ్చిన నాలుగింటిలో ఒకటి పక్కా లైను. దాని కంకులకి ఎర్ర దారం కట్టాను.

ల్యాబ్‌కోటు · శనివారం, రాత్రి 9:31

శభాష్. మార్కర్ చూడకుండా ముందు రాసుకున్నావు చూడు, అది నాకు ఎక్కువ నచ్చింది. 14లో మిగిలిన రెండిటి స్కోరెంత?

మొలకట్రే · శనివారం, రాత్రి 9:36

ఒకటి 50, ఒకటి 60. పొక్కులు పెద్దవే. మార్కర్ జన్యువుకి దగ్గర్లో ఉన్నదే గానీ జన్యువులోదే కాదు కదా, అక్కడ క్రోమోజోమ్ తెగి రెండూ విడిపోయి ఉంటాయా?

ల్యాబ్‌కోటు · శనివారం, రాత్రి 9:44

అంత దగ్గర్లో తెగడం చాలా అరుదు, 14లో రెండంటే నమ్మను. ముందు ఆ వరసల్లో గింజ కల్తీ అయిందేమో చూడు, అదే మొక్క ఆకు తీసి మళ్ళీ వెయ్యి. ఈసారి జన్యువులోంచే చేసిన మార్కర్ వాడు.

మొలకట్రే · శనివారం, రాత్రి 9:58

సరేనండి. ఇంకొకటి. ఆరు లైన్లలో గింజల పొట్టు మీద, కణుపుల కింద కాడ మీద నల్లగా మసి పూసినట్టు వచ్చింది. తుడిస్తే పోవట్లేదు, పొడి రాలట్లేదు. ఇదేదో కొత్త తెగులేమో, పక్కవాటికి అంటకముందే పీకేద్దామా అని...

పాతకంకి · శనివారం, రాత్రి 9:59

బాబూ! చెయ్యి తియ్యి!

జన్యువు ఇచ్చిన తండ్రి రకం కంకులు చూశావా? వాటి మీద కూడా అదే నలుపు ఉందా?

మొలకట్రే · శనివారం, రాత్రి 10:20

ఇప్పుడే టార్చి వేసి చూసొచ్చాను. ఉంది.

పాతకంకి · శనివారం, రాత్రి 10:26

అయితే అది తెగులు కాకపోవచ్చు. ఎస్ఆర్2 ఉన్న మొక్కలు అలా నల్లబడతాయి. వందేళ్ళ కిందట మెక్‌ఫాడెన్ అనే ఆయన ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమ నుంచి మామూలు గోధుమలోకి తెచ్చిన కాండం తుప్పు జన్యువు అది, ఇప్పటికీ పడిపోలేదు. నీ ఎల్ఆర్34తో పాటు అడక్కుండా అదీ వచ్చి ఉంటే నీ అదృష్టం. దానికీ మార్కర్ ఉంది, వేసి చూడు. ఆ ఆరు కంకులకీ ఎర్ర దారం కాదు, వేరే రంగు కట్టు. ఫోటో ఇక్కడ పెట్టు.